87వ పేజీ చదివినవాళ్లకు

మా అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులో ఉన్న అక్కలకు, అన్నలకు, సార్లకు, మేడమ్‌లకు,

నమస్కారం. నేను బి బ్లాకు రెండో అంతస్తులో ఉంటాను. మీలో చాలామందికి నా పేరు తెలీదు, ‘హిందూపురం ఆవిడ’ అంటే తెలుస్తుంది. ఈ మాటలు గ్రూపులోనే పెట్టొచ్చు, కానీ అక్కడ వాటర్ ట్యాంకర్ ఎప్పుడొస్తుంది, వంటమనిషి నంబరుందా, శుక్రవారం రాత్రి కర్నూలు వైపు ఎవరైనా కారులో వెళ్తున్నారా అన్న వాటి కింద అరగంటలో మునిగిపోతాయి. పైగా నేను చెప్పబోయేది మన గ్రూపు ఒక్కదానికే కాదు, ఈ బెంగళూరులో హూడిలో, మారతహళ్లిలో, ఎలక్ట్రానిక్ సిటీలో ఇలాంటి తెలుగు గ్రూపులు ఎన్నున్నాయో అన్నింటికీ. అందుకే బయట రాస్తున్నాను.

విషయం నా నవల, అందులో 87వ పేజీ.

రెండు నెలల కింద ఒక సాయంత్రం లిఫ్టులో మా బ్లాకు ఆరో అంతస్తు సార్ కలిశారు. ఎప్పుడూ ఫోను చూసుకుంటూ నిలబడే మనిషి, ఆరోజు తలెత్తి, “నవల రాసింది మీరేనట కదమ్మా, చదివాను, ఆ పట్టుగూళ్ల వేలం దగ్గర తండ్రి నోరు మెదపకుండా నిలబడిపోతాడే, అక్కడ నాకు గొంతు పూడుకుపోయింది” అన్నారు. నా అంతస్తు వచ్చింది, తలుపు తెరుచుకుంది, మళ్లీ మూసుకుంది, నేను దిగలేదు. ఆయనతో పాటే ఆరు దాకా వెళ్లాను. ముక్కూ మొహం తెలియని పాఠకుడు, అందులోనూ పొగడాల్సిన అవసరం లేని మనిషి, తనంతట తాను నోరు తెరిచి చెప్పాడంటే రాసేవాళ్లకు అది ఎలాంటి పండగో రాసేవాళ్లకే తెలుస్తుంది. దిగబోతూ ఆయన ఇంకో మాట అన్నారు. “ఒక్కటేనమ్మా, 87వ పేజీలో ఒక పేరా రెండుసార్లు పడింది, ఈసారి ప్రింటుకి చూసుకోండి.”

ఇంటికొచ్చి పుస్తకం తీసి చూశాను. 87వ పేజీ శుభ్రంగా ఉంది. ఉండాలి కూడా, ఎందుకంటే ఆ పేరా రెండుసార్లు వచ్చిన సంగతి పేజీలు కంపోజ్ చేసే మా డీటీపీ అబ్బాయితో గొడవపడి మరీ సరిచేయించింది నేనే. అది రెండుసార్లు ఉన్నది లోకంలో ఒక్కచోటే. ప్రింటుకు వెళ్లేముందు, 2024 అక్టోబరులో, చదివి తప్పులు చెప్పమని ఐదుగురు మిత్రులకు పంపిన ప్రూఫు పీడీఎఫ్‌లో. అది ఎలా జారిందో జారి, మన గ్రూపులోకి వచ్చేసింది.

ఆ తరవాత పదిహేను రోజుల్లో ఇంకో ముగ్గురు 87 గురించి చెప్పారు. ఒకరు పార్కులో, ఒకరు కూరగాయల బండి దగ్గర, ఒకరు ఫోన్ చేసి. అందరూ మంచి మనసుతోనే చెప్పారు, ఒక్కరిలోనూ తప్పు చేశామన్న జంకు లేదు. ఈ ఉత్తరానికి కారణం అదే. ఆ జంకు లేకపోవడం చూశాక నాకు కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ కలిగింది.

ఆ పేరా రెండుసార్లు ఎలా పడిందో చెప్తాను, దానికీ మీ చేతిలో ఉన్న ఫైలుకీ సంబంధం ఉంది. ఈ నవలలో మూడొంతులు మెట్రోలో రాశాను. 2023 అక్టోబరులో బైయప్పనహళ్లికీ కె.ఆర్. పురానికీ మధ్య తెగిపోయి ఉన్న ముక్క కలిశాక హూడి నుంచి ఎంజీ రోడ్డు దాకా దిగకుండా వెళ్లగలిగాను, సీటు దొరికితే అరగంట పైన నాది. ఫోన్లో బొటనవేళ్లతో కొట్టేదాన్ని. ఫోన్లో కొట్టేది యూనికోడ్, ఏ ఫోన్లో తెరిచినా చదవగలిగే అక్షరాలు. విజయవాడలో మా డీటీపీ అబ్బాయి వాడేది అచ్చు పనికి వాడే ‘అను’ ఫాంట్లు, పాత పేజ్‌మేకర్. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు వత్తులు ఊడిపోతాయి, ‘క్ష’లు విరుగుతాయి, అరసున్నాలు ఎక్కడెక్కడో మొలుస్తాయి. వాటిని చేత్తో దిద్దుతూ దిద్దుతూ ఒకచోట కాపీ చేసినదాన్ని రెండుసార్లు అతికించాడు పాపం. ఆ దిద్దుబాట్లన్నీ అను ఫైల్లోనే ఉండిపోయాయి, నా ఫోన్లో ఉన్న యూనికోడ్ ప్రతిలో లేవు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, “ఈ-బుక్ పెట్టొచ్చు కదా, కొనేవాళ్లం కదా” అని మీలో ఇద్దరు అన్నారు. పెట్టొచ్చు. దానికి 240 పేజీలు మళ్లీ యూనికోడ్‌లోకి తెచ్చి, మళ్లీ మొదటి అక్షరం నుంచి ప్రూఫు చూడాలి. పైగా అందరికీ తెలిసిన ఆ పెద్ద ఈ-బుక్ దుకాణం 2016 డిసెంబరులో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు తెచ్చినప్పుడు ఆ ఐదింట్లో తెలుగు లేదు. ఇన్ని కోట్లమందిమి ఉండి ఏం లాభం అనిపించింది అప్పుడు. మనం పుస్తకాలు కొనే తీరు చూస్తే వాళ్ల లెక్క వాళ్లకుందేమో అని ఇప్పుడనిపిస్తోంది.

నవల పేరు ‘నాలుగో జ్వరం’. పేరు చెప్పడం ఎందుకంటే మీ దగ్గరున్న ఫైల్లో అది లేదు, ఆ సంగతికి తరవాత వస్తాను. పట్టుపురుగు నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. విడిచేముందు మేత ముట్టకుండా తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది, మా వైపు దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచిందంటే ఇక ఆకలే ఆకలి, జీవితం మొత్తంలో తినే ఆకులో ఎనభై శాతం పైన ఆ చివరి వారంలోనే తినేస్తుంది, రాత్రిపూట ఆ గదిలో పడుకుంటే వాన పడుతున్న చప్పుడే. ఆకు అయిపోతే అప్పు చేసైనా కొనాలి, లేకపోతే అప్పటిదాకా పడ్డ కష్టమంతా మట్టిపాలు. అలా అప్పు చేసిన ఒక కుటుంబం హిందూపురం మార్కెట్టు వదిలేసి, రేటు బాగుందని గూళ్ల మూటలతో కర్ణాటకలోని రామనగర మార్కెట్టుకు వెళ్లిన కథ. మా ఇంటి కథ కాదు, మా వీధిలోది.

“డబ్బులిచ్చి వేయించుకున్నారా?” అని ఒక మేడమ్ అడిగారు, అడిగిన తీరులో ‘అయితే పెద్ద గొప్పేం కాదన్నమాట’ అన్న ధ్వని ఉంది. అవునండీ, వేయించుకున్నాను. ఇవాళ తెలుగులో కథలూ కవిత్వమూ నవలలూ చాలావరకు రాసినవాళ్ల జేబులోంచే వస్తున్నాయి. వీరేశలింగం పంతులు గారు సొంతంగా ప్రెస్సే పెట్టుకున్నారు, నేను ఇంకా ఒక సెకండ్‌హ్యాండ్ ప్రింటరు కూడా కొనలేదు. వార పత్రికలు సీరియల్ వేసి, డబ్బులిచ్చి, తరవాత ఎవరో పుస్తకంగా వేసే రోజులు మా అమ్మ చదివే రోజుల్లో ఉండేవి.

లెక్క చెప్తాను, దాచుకోవడానికేం లేదు. డీటీపీ పేజీకి 25 రూపాయల చొప్పున 6,000. ప్రూఫు చూసిన రిటైర్డు మాస్టారికి 3,600, అది కూడా ఆయన వద్దంటుంటే బలవంతంగా ఇచ్చింది. అట్ట మీద బొమ్మకు 5,000. పదిహేను ఫారాలు (ఫారానికి పదహారు పేజీలు), మ్యాప్‌లితో కాగితం, 500 కాపీలు, కాపీ 92 చొప్పున 46,000. విజయవాడ నుంచి లారీ పార్సిల్లో కలాసిపాళ్యం, అక్కణ్నుంచి ఆటోలో మనింటికి 1,900. పుస్తకానికి వేసే ఐఎస్‌బీఎన్ నంబరుకి మాత్రం మన దేశంలో పైసా అక్కర్లేదు, దరఖాస్తు పెట్టుకుంటే ఊరికే ఇస్తారు. మొత్తం 62,500. కాపీకి 125 పడింది. వెల 220 పెట్టాను.

220లో 95 మిగులుతుంది కదా అనుకుంటారు, మావారు కూడా అలాగే అనుకున్నారు. షాపుకి ఇస్తే నలభై శాతం వాళ్లది, నాకొచ్చేది 132, మిగిలేది ఏడు రూపాయలు. అదీ అమ్ముడయ్యాక, వాళ్లకు గుర్తొచ్చాక. ఒక షాపులో 60 పెడితే 38 అమ్ముడయ్యాయి, ఆ డబ్బుల కోసం ఎన్ని ఫోన్లు చేశానో ఆ షాపు పేరు చెప్పకుండా వదిలేస్తున్నాను, ఎందుకంటే తెలుగు పుస్తకం పెట్టుకునే షాపులే తక్కువ, ఉన్నవాళ్లతో గొడవెందుకు. అవి కాక 133 కాపీలు నేనే అమ్మాను. ఫోన్‌పేలో డబ్బులు రావడం, అడ్రసు రాసుకోవడం, రాత్రి పది తరవాత టేపు చుట్టడం, పొద్దున ఆఫీసుకెళ్తూ వేసి రావడం. పుస్తకాలకు చవగ్గా ఉండే రిజిస్టర్డ్ బుక్ పోస్టును, సరిగ్గా నా నవల ప్రెస్సులో ఉన్న నెలలో, 2024 డిసెంబరులో తీసేశారు. 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ అని కొత్తది వచ్చింది, 300 గ్రాముల దాకా 20 రూపాయలేనన్నారు. ఆపాటికి కొనాలనుకున్నవాళ్లలో చాలామంది కొనేశారు, వాళ్ల కాపీలన్నీ కొరియర్లో వెళ్లిపోయాయి, కవరుతో కలిపి ఒక్కోదానికి సగటున 55. పోస్టేజీ వేరే అడగాలంటే నాకు మొహమాటం, 220లోనే సర్దేశాను.

అలా అటూ ఇటూ కలిపి వచ్చింది 26,961. పెట్టింది 62,500. తీసివేత మీరే చేసుకోండి. 74 కాపీలు ఊరికే వెళ్లాయి, అందులో నాలుగు చట్ట ప్రకారం పంపాల్సినవి. 1954 నాటి చట్టం ఒకటుంది, పుస్తకం వేసిన నెలలోపు ప్రచురించినవాళ్లు సొంత ఖర్చుతో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి ఒకటి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి ఒకటి, ముంబైకి ఒకటి, ఢిల్లీకి ఒకటి పంపాలి. చాలామంది పంపరు, నేను పంపాను. కన్నెమరాలో నా పుస్తకం ఒక అరలో ఉంటుందనుకుంటే రాత్రి నిద్ర బాగా పట్టింది. షాపులో అమ్ముడవకుండా ఉన్న 22 పోను మిగిలిన 233 కాపీలు మా దివాన్ కింద ఉన్నాయి. అరవై కిలోలకు పైనే. పనమ్మాయి చీపురు తగిలినప్పుడల్లా “అక్కా, ఈ డబ్బాలు ఎప్పుడెళ్తాయి?” అంటుంది.

ఇప్పుడు మీరు అనబోయే మాట నాకు తెలుసు. డబ్బుల కోసమా ఈ ఏడుపంతా? కాదు అంటే అబద్ధం, కానీ అంతా డబ్బులే కాదు. 62,500 పెట్టేటప్పుడే సగం రాదని తెలుసు, తెలిసే పెట్టాను, కొందరు తిరుపతి వెళ్తారు, కొందరు బంగారం కొంటారు, నేను నవల వేశాను. కాఫీ ఖరీదుతో పోల్చి దెప్పే పాత పాట కూడా పాడను. కాఫీకి పీడీఎఫ్ ఉండదు కాబట్టి కొంటున్నారు, ఉంటే అదీ ఫార్వర్డ్ అయ్యేది.

నన్ను నిద్రపోనివ్వనిది వేరే ప్రశ్న. నా నవలని ఎంతమంది చదివారు?

నాకు తెలిసిన జవాబు 171. అమ్ముడైనవి అన్నే. ఆ లెక్క చూసుకునే ఆమధ్య ఒక నిర్ణయం తీసుకున్నాను, రెండో నవల మధ్యలో ఉంది, దాన్ని పూర్తిచేయను అని. ఇన్ని నెలల్లో 171 మంది, వాళ్లలో సగం చుట్టాలూ ఆఫీసువాళ్లూ. మొహమాటానికి కొన్నవాళ్లను తీసేస్తే నిజంగా చదవాలని కొన్నది ఓ అరవై మంది ఉంటారేమో. అరవై మంది కోసం రెండేళ్లు మెట్రోలో బొటనవేళ్లు అరగదీసుకోవడం, ఇంట్లో పిల్లాడి హోంవర్కు మావారి మీద పడేయడం ఏం న్యాయం అనుకున్నాను. ఫైలు మూసేశాను. ఇదంతా జరుగుతున్నప్పుడు, మా బ్లాకులోనే, నా తలకి నాలుగు అంతస్తుల పైన, ఒకాయన నా నవల చదివి గొంతు పూడుకుపోయి కూర్చున్నాడు. ఆ సంగతి నాకెవరు చెప్పాలి?

బెంగళూరులోనే పుట్టిన ప్రతిలిపి అనే కథల యాప్‌లో నేను ముందు కొన్ని కథలు పెట్టాను. అక్కడ రూపాయి రాలేదు, కానీ కథ కింద అంకె కనిపించేది, ఇంతమంది తెరిచారు, ఇంతమంది చివరిదాకా వచ్చారు, ఎవరో గుంటూరు నుంచి రాత్రి రెండింటికి “ఇంకా రాయండి మేడమ్” అని పెట్టారు. ఆ అంకె చూసుకునే నవలకి ధైర్యం చేశాను. పీడీఎఫ్‌కి ఆ అంకె కూడా ఉండదు. దొంగతనం అన్న మాట నేను వాడట్లేదు, నన్నడిగితే ఇది దొంగతనం కంటే మెత్తగా కనిపించే ఇంకేదో. దొంగ ఎత్తుకుపోయిన వస్తువు పోయిందని తెలుస్తుంది. ఇక్కడ నాకు ఏం పోయిందో, అసలు ఏం వచ్చిందో కూడా తెలీదు. చదివి, నచ్చి, నాలుగు కన్నీళ్లు కార్చి, పక్కవాళ్లకు పంపి, మీరు నాకు కనిపించకుండా వెళ్లిపోయారు.

మా తరం ఏం చేసిందో కూడా ఒప్పుకోవాలి, లేకపోతే ఇది నీతులు చెప్పడం అవుతుంది. హిందూపురంలో మా ఇంటి దగ్గర అద్దె లైబ్రరీ ఉండేది, నవల రోజుకి అర్ధరూపాయి. మా అమ్మ తెప్పించుకుంటే అది మా అమ్మ, అత్త, పక్కింటి టీచరు, నేను దొంగచాటుగా, ఒక్క అర్ధరూపాయికి నలుగురం చదివేవాళ్లం. ఆ రచయితకు మేమేమిచ్చాం? ఏమీ ఇవ్వలేదు. కాబట్టి అద్దె లైబ్రరీలో చదివి పెరిగినదానికి పీడీఎఫ్ గురించి మాట్లాడే హక్కు ఉందా అని నన్ను నేనే అడుక్కున్నాను. తేడా ఒకటి తోచింది. లైబ్రరీ ఆయన కాపీలు కొనేవాడు. మంచి నవలైతే మూడు నాలుగు కొనేవాడు, ఎందుకంటే ఒక కాపీ ఒకసారి ఒక ఇంట్లోనే ఉంటుంది. ఆర్నెల్లకి అట్ట ఊడి, చివరి పేజీలు పోయి (చివరి పేజీలే ఎందుకు పోతాయో ఆ దేవుడికే తెలియాలి), మళ్లీ కొనేవాడు. అలా ప్రతి ఊళ్లో ఒకడు కొంటే చాలు, రచయితకి తన నవల ఆడుతోందని తెలిసేది. చదివేవాళ్లు కనిపించకపోయినా లైబ్రరీ ఆయన కనిపించేవాడు. ఇప్పుడు ఆ ఒక్కడూ లేడు.

ఇక ఆ ఫైలు సంగతి. మా పిన్ని అనంతపురంలో ఉంటుంది. నేను పుస్తకం వేశానని తెలుసు, ఫోటోలో అట్ట చూసింది, కానీ అప్పుడే రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయిందని కాపీ పంపలేదు, కళ్లు కుదుటపడ్డాక ఇద్దామనుకుని మర్చిపోయాను. తప్పు నాదే. మొన్న శివరాత్రి ముందు ఆవిడ దగ్గర్నుంచి నాకు వాట్సాప్‌లో ఒక ఫైలు వచ్చింది. పైన రెండు బాణాల గుర్తు, అంటే నా దాకా వచ్చేసరికి కనీసం ఐదు చేతులు మారిందని. కింద, “ఇది చదువు పాపా, ఎవరు రాశారో గానీ మన పురుగుల ఇల్లు చూసొచ్చినట్టే రాశారు.”

తెరిచాను. మొదటి నాలుగు పేజీలు లేవు. అట్ట లేదు, పేరు లేదు, నా పేరు లేదు, హక్కుల పేజీ లేదు, అమ్మకు రాసిన అంకితం లేదు. ఎవరో తీసేసి పంపారు. ఎందుకు తీశారో నేను ఊహించను.

పిన్నికి ఫోన్ చేసి, “అది రాసింది నేనే పిన్నీ” అన్నాను. నమ్మలేదు. “నీ పుస్తకానికి బొమ్మ ఉంది కదే, దీనికి లేదు” అంది. నేను వరసగా ఎవరెవరు ఏ పాత్రో చెప్తే అప్పుడు నమ్మింది. నమ్మి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత అంది, “మధ్యలో ఒకచోట చదివిందే మళ్లీ వచ్చింది పాపా, ఆపరేషన్ సరిగ్గా అవ్వలేదేమో, చూపు మళ్లీ మొదటికొచ్చిందేమో అనుకుని భయపడ్డాను. డాక్టరు దగ్గరికి వెళ్దామనుకుంటున్నా.”

87.

ఆవిడ ఆ ఫైలు మనవడి ట్యాబులో వేళ్లతో అక్షరాలు పెద్దవి చేసుకుని చదివింది. అచ్చు పుస్తకంలో ఆ సైజు అక్షరాలు నేను ఇవ్వలేకపోయేదాన్ని, అదీ నిజమే. అందుకే పీడీఎఫ్ చదివినవాళ్లను తిట్టడానికి నాకు నోరు రావట్లేదు. మా పిన్ని వాళ్లలో ఒకరు.

కొందరు మిత్రులు కేసు పెట్టమన్నారు. కాపీరైట్ చట్టం 1957లోది, 63వ సెక్షన్ ప్రకారం ఆర్నెల్ల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. పుస్తకం రిజిస్టర్ చేయించుకోకపోయినా రాసిన నిమిషం నుంచి హక్కు నాదే. ఇది బెదిరింపు కాదు. “వాట్సాప్‌లో వచ్చినదానికి చట్టమేంటి” అని గ్రూపులో ఒక అన్న అన్నాడు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తున్నాను, అన్నా, ఉంది. పక్కింటివాళ్ల మీద కేసు పెట్టి సాయంత్రం అదే పార్కులో ఎవరితో నడవను? ఆ ఐదుగురిలో ఎవరి దగ్గర్నుంచి ఫైలు జారిందో కనుక్కోవాలని కూడా మొదట్లో బాగా ఉండేది. ఒక రాత్రంతా ఐదుగురి మీదా అనుమానపడి, పొద్దునకి సిగ్గేసి మానుకున్నాను. వాళ్లు నాకోసం 240 పేజీలు ఊరికే చదివిపెట్టినవాళ్లు.

మరి ఏం కావాలి నీకు, అంటారు.

ముందుగా, గ్రూపులో ఆ ఫైలు ఇంకా ఉంది, నవంబరు 9న పెట్టినది. పెట్టినవాళ్లు తీసేయడానికి ఇప్పుడు వాట్సాప్ ఒప్పుకోదు, చాలా రోజులైంది. అడ్మిన్ గారూ, మీకు వీలుంటే తీసేయండి, లేదా కనీసం కింద ఒక మాట పెట్టండి. ఆ ఫైలు తప్పుల ప్రూఫు, ఎవరికీ పంపకండి అని. నా పరువు కోసమైనా. డబ్బుల సంగతి ఎలా ఉన్నా, నేను దిద్దుకున్న తప్పులతో నన్ను ఊరూరా తిప్పకండి.

రెండోది, చదివినవాళ్లు చెప్పండి. అంతే. కొనమని కూడా అడగట్లేదు, ‘చదివాను’ అని ఒక్క మెసేజీ. నచ్చకపోతే అదీ చెప్పండి, “రామనగర వెళ్లాక కథ సాగింది” అని ఒకావిడ అన్నారు, ఆవిడ చెప్పింది నిజమే, నాకూ ప్రింటయ్యాక అలాగే అనిపించింది. నచ్చితే, మీకు ఎంత తోస్తే అంత పంపండి, పంపకపోయినా సరే, కానీ ఆ అంకె నాకు కావాలి. పది మందైతే పది, నాలుగొందలైతే నాలుగొందలు. దాన్నిబట్టి నేను మూసేసిన ఆ ఫైలు మళ్లీ తెరవాలా వద్దా అని ఆలోచించుకుంటాను.

మూడోది కొంచెం పెద్ద పని. మన క్లబ్‌హౌసులో క్యారమ్ బోర్డు పక్కన ఖాళీ అర ఉంది. అందులో తెలుగు పుస్తకాలు పెడదాం. నావే కాదు, ఈ బెంగళూరులో నాలా దివాన్ కింద డబ్బాలు దాచుకున్నవాళ్లు నాకే ముగ్గురు తెలుసు. అసోసియేషన్ డబ్బులతో ఒక్కో పుస్తకం రెండేసి కాపీలు కొనాలి, ఊరికే ఇమ్మని అడక్కూడదు, నేను నావీ ఊరికే ఇవ్వను, చెప్పేస్తున్నాను. తీసుకున్నవాళ్లు నోటుబుక్కులో ఫ్లాటు నంబరు రాయాలి. సంవత్సరం తిరిగాక ఆ నోటుబుక్కుని ఒకసారి ఆ రచయితకి చూపిస్తే చాలు. కన్నడంవాళ్లు 2025లో విధానసౌధ ఆవరణలోనే పుస్తకాల పండగ పెట్టుకున్నారు, మనం క్యారమ్ బోర్డు పక్కన ఒక అర పెట్టుకోలేమా?

కన్నడం అంటే గుర్తొచ్చింది, ఇది చెప్పకుండా ఉండలేను. మన ప్లంబరు అన్నది పావగడ. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, తెలుగు అక్షరాలు నేర్చుకున్నవాడు కాదు. మా సింకు బాగుచేస్తూ దివాన్ కింద డబ్బా చూసి, “ఏం బుక్కక్కా ఇది” అని ఒకటి తీశాడు. అక్షరాలు రెండు భాషలకీ దగ్గరే కదా, తలకట్లు ఊహించుకుంటూ, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ సగం పేజీ చదివాడు. “గూళ్ల మార్కెట్టా! మా మామ కూడా రామనగరకే ఎత్తుకొని పొయ్యేది” అన్నాడు. ఊరికే తీసుకోమంటే తీసుకోలేదు. సింకు పనికి 350 అయింది, అందులోంచి 220 తగ్గించి 130 ఇవ్వమన్నాడు. నేను ఒప్పుకున్నాను, ఎందుకంటే అతను కొంటున్నాడు, నేను అమ్ముతున్నాను. నెల తరవాత కనిపిస్తే ఎంతదాకా వచ్చావన్నా అని అడిగాను. “నలభై పేజీలక్కా, రోజుకి ఒక పేజీ, కొన్ని రోజులు రెండు.”

అతను 87కి ఇంకా రాలేదు. వచ్చినా అక్కడ ఏమీ ఉండదు.

ఈ-బుక్ సంగతి కూడా చెప్పి ముగిస్తాను. మా పిన్ని కోసమైనా చేయక తప్పదు. యూనికోడ్ ప్రతి దగ్గరపెట్టుకుని రాత్రుళ్లు దిద్దుతున్నాను, నిన్నటికి 112 పేజీలయ్యాయి. అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవవుతాయి, వెల 80 పెడదామనుకుంటున్నాను. ఎక్కువనిపిస్తే చెప్పండి.

ఈ ఆదివారం సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా బి బ్లాకు కింద, పార్సిళ్ల గది పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఒక డబ్బా కిందికి తెస్తాను, మావాడు మోస్తానన్నాడు. కొననక్కర్లేదు. ఫైలు చదివినవాళ్లు ఆగి, చదివానని చెప్పి వెళ్లండి, నోటుబుక్కులో గీత పెట్టుకుంటాను. ఆరో అంతస్తు సార్‌తోనే మొదలుపెడతాను, ఆయన గీత ఇప్పటికే పెట్టేశాను.

ఉంటాను,
బి బ్లాకు, హిందూపురం ఆవిడ